చెట్టు కోడలు, నీటికుక్క కోడలు

అనగనగనగా... లల్లీ, ముందా కాళ్ళు దుప్పట్లో పెట్టు. పెట్టావా? మళ్ళీ తీసేశావేం! సరే తియ్యి, ఈ కథలోనూ నీలాగే కాలు నిలవని పిల్ల ఒకతి ఉందిలే. రాఘవా, నువ్వు గోడవైపుకి జరుగు. చెల్లెలు తన్నిందని మాటిమాటికీ నాకు చెప్పకు. ఊ కొట్టే పని నీది. ఊ ఆగిందా, కథ ఆగిపోతుంది. ఆనక నన్నని లాభం లేదు.

అనగనగా ఒక ఏరు. అందరి కథల్లో ముందు ఊరొస్తుంది, నా కథలో ముందు ఏరొచ్చింది. ఎందుకంటే ఆ ఊరే ఏటిని వెతుక్కుంటూ వచ్చి ఒడ్డున కూలబడింది. దాని పేరు పాయదిబ్బ. అందరూ చేపలు పట్టుకునేవాళ్ళు. ఇంటింటికీ ఒక పడవ, పడవ పడవకీ ఒక వల.

ఆ ఊరి గట్టు పొడుగునా తుమ్మచెట్లే. ఇటు చూస్తే తుమ్మ, అటు చూస్తే తుమ్మ, కళ్ళు మూసుకుని నడిస్తే కాల్లో తుమ్మముల్లు. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పొయ్యలేదు. మేకలు కాయలు తిని, గింజలు పెంటికల్లో వేసి, వాటంతటవే తోట పెంచేశాయి. అంత ఉంటే ఎవరికి కనబడుతుంది చెప్పండి? గాలి కనబడుతుందా మనకి? అలాగే తుమ్మ కూడా కనబడేది కాదు వాళ్ళకి.

అదే ఏట్లో నీటికుక్కలు ఉండేవి. నీటికుక్క అంటే మన వీధికుక్క ఈత నేర్చుకున్నదనుకునేరు, కాదు. ముంగిసలా పొడుగ్గా ఉంటుంది. పిల్లిలా మీసాలు, బాతుకున్నట్టు వేళ్ళ మధ్య తోలు. ఒక్క క్షణం కుదురుండదు. మునుగుతుంది, తేలుతుంది, దొర్లుతుంది, ఈల వేస్తుంది. ఒకప్పుడు ఏటి నిండా అవేనట. వల చింపాయని కొన్నిటిని కొట్టారు, తోలు మెత్తన అని కొన్నిటిని పట్టారు. కొట్టగా కొట్టగా, పట్టగా పట్టగా, ఆ పాయ మొత్తానికి ఒక్క తల్లీ దాని పిల్లలూ మిగిలాయి. ఊ కొడుతున్నావా రాఘవా? కొట్టు, కొట్టు. ఇంకా మనుషులు రాలేదు, ఇప్పుడొస్తారు.

ఆ ఊళ్ళో నూకాలని ఒకావిడ. మొగుడు పోయాడు, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు. పెద్దకోడలు అచ్చియ్యమ్మ, చిన్నకోడలు గంగాలు.

వాళ్ళ పెరట్లోంచి గుమ్మం దాటితే ఒక పెద్ద తుమ్మచెట్టు. చెట్టు ఇటుపక్క వాళ్ళ ఇల్లు, అటుపక్క ఏరు. ఆ కాలంలో నైలాను వలలు లేవర్రా, నూలు వలలే. నూలు నీళ్ళలో నానితే కుళ్ళిపోతుంది కదా? అందుకని తుమ్మ బెరడు చెక్కి, పెద్ద కాగులో వేసి ఉడికించి, ఆ ఎర్రటి కషాయంలో వలలు ముంచి ఆరేసేవాళ్ళు. అప్పుడు వల ఇనుపతీగలా ఉండేది. గట్టు పొడుగునా అన్ని చెట్లున్నా నూకాలు మాత్రం, దగ్గరుంది కదా అని, గుమ్మం ముందు చెట్టునే చెక్కించేది. ఊళ్ళో వాళ్ళు కూడా, కాగు అక్కడే ఉంది కదా అని, ఆ చెట్టునే చెక్కేవాళ్ళు. పాపం చెట్టు ఏమంటుంది? నిలబడి ఉండేది.

చెక్కేది ఎవరు? అచ్చియ్యమ్మ. ఉడికించేది ఎవరు? అచ్చియ్యమ్మ. వలలు ముంచేది, పిండేది, ఆరేసేది, మడిచేది? అచ్చియ్యమ్మ, అచ్చియ్యమ్మ, అచ్చియ్యమ్మ. ఆవిడ కాపరానికొచ్చిన ఏడాదే అత్తగారు ఆవిడకి పోలిక పెట్టింది, నా పెద్దకోడలు చెట్టులాంటిదీ అని.

పోలికంటే ఏమిటనేగా లల్లీ, అడగబోతున్నావు? చెబుతాను, నోరు మూసుకో. పాయదిబ్బలో అదొక ఆచారం. ఇంటికి కొత్తకోడలొస్తే, ఆ ఏడాది వలలు ఉడకేసే రోజున, కాగు దగ్గర ఊరందరూ చూస్తుండగా అత్తగారు ఆ పిల్లని దేనితోనో పోల్చాలి. ఇక ఆ పోలికే ఆ పిల్లకి పేరు, అదే పరువు. ఒకావిడ చుక్కాని, ఒకావిడ ఉప్పురాయి, ఒకావిడ తెల్లారగట్ల కోడి. మేలు చేసేదానితో పోలిస్తే కోడలు తెడ్డు పట్టుకుని కాగు తిప్పుతుంది, ఆ ఇంటి మనిషైపోయినట్టు. కీడు చేసేదానితో పోలిస్తే మూట కట్టుకుని పుట్టింటి దారి పట్టాల్సిందే. ఒకసారి అన్న పోలిక వెనక్కి తీసుకోకూడదు. అయితే, అలా పంపించినవాళ్ళు ఎవరూ లేరనుకోండి. ఎంత గయ్యాళి అత్తైనా లోపల గొణుక్కుంటూ పైకి మంచి పోలికే పెట్టేది.

గంగాలు సంగతి చూడండి. ఆ పిల్ల పుట్టింది పడవలో, పెరిగింది పడవలో. అమ్మానాన్నలకి పడవే ఇల్లు, పడవే వాకిలి, ఇవాళ ఒక రేవు, రేపు ఒక రేవు. చిన్నకొడుకు గవర్రాజు సంతరేవులో చూసి ముచ్చటపడి చేసుకున్నాడు. తాళి కట్టిన మర్నాడు పుట్టింటివాళ్ళు తెరచాప ఎత్తుకుని వెళ్ళిపోయారు. ఎటెళ్ళారో ఏటికి కూడా తెలీదు. మరి ఈ పిల్లకి పుట్టింటి దారంటే ఏ దారి? అందుకని గంగాలుకి లోపల్లోపల ఒకటే గుబులు. వల ఉడకేసే రోజు దగ్గరపడుతోంది, అత్త నన్ను దేనితో పోలుస్తుందో అని.

గుబులున్నా కుదురుందా అంటే లేదు. రాత్రయితే నిద్ర పట్టేది కాదు. ఎందుకో తెలుసా? నేల ఊగదు కదా! పుట్టినప్పటినుంచీ ఊగే చోట పడుకున్న పిల్ల. కదలని నేలమీద పడుకుంటే ఎవరో గట్టిగా పట్టుకుని నొక్కేస్తున్నట్టుండేదిట. లేచేది, తిరిగేది, కూర్చునేది, లేచేది. పొద్దున్నే ఏటికి పరిగెత్తేది. నూకాలు పిలవడం, ఊరివాళ్ళు చెప్పడం:

గంగాలేదీ? ఏటికెళ్ళింది. ఏటికెళ్ళినమ్మేదీ? గట్టెక్కింది. గట్టెక్కినమ్మేదీ? చెట్టెనక్కెళ్ళింది. చెట్టెనక్కెళ్ళినమ్మేదీ? మళ్ళీ ఏట్లోనే ఉంది!

మరి అచ్చియ్యమ్మేదీ? ఇక్కడే ఉన్నానత్తా. అచ్చియ్యమ్మేదీ? ఇక్కడే ఉన్నానత్తా. ఎప్పుడు పిలిచినా, ఎన్నిసార్లు పిలిచినా, ఇక్కడే ఉన్నానత్తా.

చెట్టెనకాల ఏముందని వెళ్ళేది గంగాలు? అక్కడ తుమ్మవేళ్ళ సందులో నీటికుక్క బొరియ ఉంది. ఊళ్ళో ఎవరూ అటుపక్కకి వెళ్ళేవాళ్ళు కాదు. పిల్లల్ని పెట్టుకున్న తల్లి కదా, దగ్గరకొస్తే బుస్సుమని లేచి పట్టుకునేది. నూకాలు పెద్దకొడుకు పిక్కమీద దాని పళ్ళ గుర్తు ఇంకా ఉంది. ఈ పిల్లనొక్కదాన్నే ఏమీ అనేది కాదు. చిన్న చిన్న చేపలు విసిరితే పిల్లలొచ్చి అందుకుని, దొర్లి, దాని కాలిమీంచి దొర్లి, మళ్ళీ నీళ్ళలో పడేవి.

ఇంకో గుణం కూడా ఉంది గంగాలుకి. అచ్చియ్యమ్మ వంచిన నడుం ఎత్తకుండా పని చేస్తుంటే చూస్తూ ఊరుకునేది కాదు. అత్త మీదికి గయ్యిమని లేచేది. ఏం, అక్కకి రెండే చేతులు కదా, నాలుగు వలలిస్తావేమిటనేది. తోడికోడలి చేతిలోంచి తెడ్డు లాగేసి, రాయే అక్కా అని రెక్క పట్టుకుని ఏటి ఒడ్డుకి ఈడ్చుకెళ్ళేది. ఇద్దరూ కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చునేవాళ్ళు. అచ్చియ్యమ్మ నవ్వు విన్నవాళ్ళు ఆ ఇంట్లో లేరు, అక్కడ నీటికుక్క పిల్లలొక్కటే విన్నాయి. నూకాలు మాత్రం గుమ్మంలో నిలబడి అరిచేది, తను పనిచెయ్యదు, చేసేదాన్ని చెడగొడుతుంది, ఏం పిల్ల దొరికిందిరా నాకూ అని.

ఊ కొడుతున్నారా? లల్లీ, ఊ కాళ్ళతో కాదు, నోటితో కొట్టాలి.

ఇప్పుడు రాజుగారొస్తాడు. ఆ దేశాన్నేలే రాజుకి ఒక జబ్బుండేది. ఒళ్ళు జబ్బు కాదు. ఏ రెండు వస్తువులు పక్కపక్కన కనబడినా, ఇందులో ఏది గొప్పా అని తేల్చందే ఆయనకి కాలు నిలవదు, కునుకు పట్టదు. తేల్చి ఊరుకుంటాడా? ఓడిందాన్ని దేశం దాటించేస్తాడు. ఒకసారి గుమ్మడికాయకీ సొరకాయకీ పోటీ పెట్టాడు. గుమ్మడికాయ ఓడిపోయింది. బళ్ళకెత్తి పొలిమేర దాటించారు. ఆ ఏడు ఆ దేశంలో దప్పళమే లేదు! ఇంకోసారి తన కిర్రుచెప్పులు తనే చూసుకున్నాడు. కుడిచెప్పు కిర్రు బాగుందా, ఎడమచెప్పు కిర్రు బాగుందా? కుడిది గెలిచింది. ఎడమదాన్ని ఏట్లో విసిరేయించాడు. అప్పటినుంచీ ఒంటిచెప్పుతో కిర్రుమని ఒక అడుగు, చప్పుడు లేకుండా ఒక అడుగు, కుంటుకుంటూ తిరుగుతున్నాడు. ఎవరైనా అడుగుతారా? రాజు కదా!

అలాంటి రాజుకి పాయదిబ్బలో పోలికలు పెడతారని తెలిసింది. ఇంకేం, నా ఊరంటే ఇదిరా అని ఎగురుకుంటూ వలలు ఉడకేసే రోజుకి దిగాడు. బోర్లించిన పడవ మీద దుప్పటి పరిచి కూర్చోబెట్టారు. కూర్చుంటాడా? లేచి కాగు చూస్తాడు, కూర్చుంటాడు, లేచి వలలు చూస్తాడు. గంగాలు అంత దిగుల్లోనూ అనుకుందిట, ఈయనా పడవలోనే పుట్టాడేమో అని.

సరిగ్గా ముందురోజే నీటికుక్క పెద్దవల చింపేసింది. నూకాలు చిరిగిన వల భుజానేసుకుని, ఎవరు చేశారిదంటూ ఏటివైపు వెళితే, గంగాలు చెట్టెనకాల కూర్చుని పిల్లలకి చేపలు విసురుతోంది! చూసుకోండి ఇంక. ఆ కోపం రాత్రంతా ఉడికింది, తెల్లారేసరికి పొంగింది. కాగు దగ్గర అందరూ చేరారు, రాజు ముందుకి వంగాడు. నూకాలు అనేసింది.

"నా చిన్నకోడలు నీటికుక్క!"

జనం నోళ్ళు నొక్కుకున్నారు. కాగు ఒక్కటే కుతకుత. గవర్రాజు, అమ్మా అన్నాడు. నువ్వు నోరెత్తకురా అంది నూకాలు. అనేశాక ఆవిడ కూడా నాలుక కరుచుకుంది, కానీ అన్న పోలిక వెనక్కి తీసుకోకూడదు కదా. గంగాలుకి కాళ్ళకింద నేల మొదటిసారి ఊగింది. ఎప్పుడూ ఊగితే బాగుణ్ణనుకునే పిల్ల, ఇలా ఊగుతుందనుకోలేదు. మూట కట్టుకుని ఏ రేవులో కూర్చోవాలి? ఏ పడవని పిలవాలి?

రాజు మాత్రం చప్పట్లు కొట్టాడు. పెద్దకోడలు చెట్టు, చిన్నకోడలు నీటికుక్క, ఒకే ఇంట్లో! మరి తుమ్మచెట్టు గొప్పా, నీటికుక్క గొప్పా? తేలాల్సిందే, ఇప్పుడే తేలాలి. నీటికుక్క గెలిచిందా, పోలిక మేలైనదే, పిల్ల ఉంటుంది. ఓడిందా, ఏట్లో నీటికుక్కా వెళ్ళిపోవాలి, ఇంట్లో నీటికుక్కా వెళ్ళిపోవాలి. తుమ్మ తరఫున ఎవరు మాట్లాడతారన్నాడు.

ఎవరు మాట్లాడరు? అందరూ లేచారు. వల నిలిచేది దాని బెరడుతో అన్నాడొకడు. పడవ పక్కటెముకలు దాని వంపుకొమ్మలే అన్నాడు ఇంకొకడు. మా మేకలకి కాయలని ఒకడు, మా పళ్ళకి పుల్లని ఒకడు, మా దొడ్డికి కంప అని ఒకడు, పొయ్యిలోకి బొగ్గని ఒకడు. బాలింతలకి తుమ్మబంక మరిచిపోయారర్రా అని ఒక ముసలమ్మ. అన్నాళ్ళూ కనబడని చెట్టు ఆ రోజు అందరికీ కనబడిపోయింది. మాటల్లోనేలెండి. దాని వంక తలతిప్పి చూసినవాడు మాత్రం లేడు.

నీటికుక్క తరఫున ఎవరన్నాడు రాజు. ఒక్కళ్ళూ లేవలేదు. సరే నువ్వే చెప్పమన్నాడు గంగాలుని, దానివల్ల లాభమేమిటి?

గంగాలుకి అబద్ధం రాదు. "నాకు తెలిసి లాభమేం లేదు మారాజా. చేపలు తింటుంది, వల చింపుతుంది, పిల్లల్ని ఆడించుకుంటుంది. అంతే" అంది.

ఓసి వెర్రిమొహమా అనుకున్నారు ఊరందరూ. అచ్చియ్యమ్మ తెడ్డు తిప్పడం ఆపేసి అలా చూస్తూ ఉండిపోయింది. కాగు అడుగంటుతోందే అని అత్త అరిస్తే మళ్ళీ తిప్పింది. ఏడుస్తూ తిప్పింది. పొగకి కాబోలనుకున్నారు.

రాజు మీసం దువ్వుకుంటూ తీర్పు ఆలోచిస్తున్నాడు. మరి గంగాలు? ఆ పిల్ల ఒకచోట నిలబడి ఏడవడం కూడా చేతకానిది. కాళ్ళు కదిలితేనే దానికి బుర్ర కదులుతుంది. తుమ్మచెట్టు చుట్టూ తిరగడం మొదలెట్టింది. ఇటుపక్కనుంచి అటుపక్కకి, అటుపక్కనుంచి ఇటుపక్కకి. తిరుగుతూ తిరుగుతూ పైకి చూసింది. ఎన్నాళ్ళనుంచో ఆ చెట్టెనకాల కూర్చుంటున్నా ఎప్పుడూ నీళ్ళవైపే చూసేది, పైకి చూడలేదు. ఇప్పుడు చూసింది. ఇంటివైపు కొమ్మలు మోడు. ఏటివైపు కొమ్మలు పచ్చన. ఆ పచ్చకొమ్మ వెంబడి కళ్ళు కిందకి దించింది, దించింది, దించింది... ఆగిపోయింది. అమ్మయ్య, ఆ పిల్ల జీవితంలో మొదటిసారి ఒకచోట ఆగింది!

ఏం చూసిందో ఇప్పుడే చెప్పను. రాఘవా, లేచి కూర్చోకు, పడుకునే విను.

రాజు తీర్పు చెప్పేశాడు. తుమ్మ గెలిచింది, నీటికుక్క ఓడింది. అప్పుడు గంగాలు దణ్ణం పెట్టి అడిగింది. వెళ్ళిపోతాను మారాజా, మాట కాదనను. కానీ గెలిచిన చెట్టుకి మర్యాద చెయ్యొద్దా? మా ఆడాళ్ళు ఏటా గుమ్మంవైపు పసుపు రాసి ఊరుకుంటారు. తమంతటివారొచ్చారు, పూర్తిగా ఒక చుట్టు తిరిగి ప్రదక్షిణం చెయ్యండి. మీ వెనకే ఊరందర్నీ తిరగమనండి.

మర్యాదంటే రాజుకి ఇష్టమే కదా. లేచాడు. కిర్రు, ఒక అడుగు. చప్పుడు లేదు, ఒక అడుగు. ఇటుపక్క మాను మీద బెరడన్నదే లేదు, ఎముకలా తెల్లగా ఎండిపోయి, దానిమీద పసుపు. కిర్రు... అబ్బా! ఎడమకాల్లో తుమ్మముల్లు. పీక్కున్నాడు. కిర్రు... అబ్బా! ఇంకోటి. గెలిచిన చెప్పు గెలిచినట్టే ఉంది, చెప్పులేని కాలు చిల్లులు పడిపోతోంది. అలా కుంటుకుంటూ వెనకపక్కకి వచ్చేసరికి బుస్సు! తల్లి నీటికుక్క వేళ్ళ సందులోంచి లేచింది. రాజు ఓయమ్మో అని ఎగిరాడు. కుడిచెప్పు ఊడి బొరియ దగ్గర పడింది. పిల్లలు కీచుకీచుమంటూ వచ్చి దాన్ని పట్టుకుని లోపలికి లాగాయి. ఆ లాగడంలో లోపలినుంచి ఇంకోటి బయటికి దొర్లింది. ఏమిటది? చెప్పు లల్లీ. అదే! ఏట్లో విసిరేసిన ఎడమచెప్పు! నాని, ఉబ్బి, చుట్టూ పంటి గాట్లతో. అవి దాంతో ఇన్నాళ్ళూ ఆడుకుంటున్నాయి.

జనం నవ్వాలా వద్దా అని చూస్తున్నారు. గంగాలు కిసుక్కుమంది. అప్పుడు అందరూ నవ్వారు, రాజుతో సహా. ఎడమచెప్పుని చూడగానే ఆయన మొహం తప్పిపోయిన పిల్లాడు దొరికినట్టయిపోయింది.

నూకాలొక్కర్తే నవ్వలేదు. ఆవిడ చూపు చెప్పుల మీద లేదు, చెట్టు మీదుంది. ఎందుకంటే అటుపక్క మాను మీద బెరడుంది! ఇందాక గంగాలు ఆగిపోయి చూసింది అదే. బొరియ మీదనుంచి పైకంటా, చెయ్యెడల్పున, నల్లగా, దళసరిగా. అయ్యో, ఇంత బెరడు ఇక్కడ పెట్టుకుని కాగులో చెక్క చాలక ఏడుస్తున్నామా అంది. ఎలాగూ నీటికుక్క పోతుంది, ఇంక భయమేముంది? చెట్టమ్మా, ఇలా రా, ఇది చెక్కెయ్ అని కత్తి అందించింది.

అచ్చియ్యమ్మ వచ్చింది. ఎప్పుడు పిలిస్తే అప్పుడు వచ్చేదే కదా. తల్లి నీటికుక్క బుస్సుమంటే గంగాలు దాన్ని మాటలతో ఊరుకోబెట్టి పక్కకి జరిపింది. అచ్చియ్యమ్మ కత్తి ఎత్తి, ఎడంచెయ్యి బెరడు మీద ఆనించింది. అప్పుడు అందరూ చూశారు. ఏది బెరడో ఏది చెయ్యో తెలియలేదర్రా. మోచేతుల దాకా అదే నలుపెరుపు రంగు, అరచెయ్యి నిండా అవే పగుళ్ళు. ఎన్నేళ్ళు ఆ కషాయంలో నానిన చేతులవి!

అచ్చియ్యమ్మ పైకి చూసింది, పచ్చకొమ్మ. కిందకి చూసింది, బొరియ. పక్కకి చూసింది, గంగాలు. కత్తి దించేసింది.

"తియ్యను" అంది.

ఎవరన్నారా మాట అని నూకాలు చుట్టూ చూసింది. ఆ గొంతు ఎప్పుడూ 'ఇక్కడే ఉన్నానత్తా' తప్ప ఇంకోమాట అన్నది కాదు.

"నేను తియ్యనత్తా. ఈ బద్ద తీస్తే చెట్టు పోతుంది. దాని ప్రాణమంతా దీంట్లోనే ఉంది. ఇటుపక్కెందుకు మిగిలిందో తెలుసా? అది కరుస్తుందని ఎవరూ రాలేదు కనక మిగిలింది. నాకూ అంతే. ఈ పిల్ల నీ మీదికి గయ్యిమని లేచినప్పుడల్లా నాకింత బెరడు మిగిలింది. దీన్ని పంపించెయ్యి, ఇంక నన్ను చెట్టని పిలవక్కర్లేదు. కట్టె అని పిలువు."

ఎవరూ ఊ కొట్టలేదు. మీరు కూడా కొట్టలేదు, చూశారా? నాకూ కొంచెం మంచినీళ్ళివ్వండి. ఊ, చాలు.

నూకాలు దగ్గరకొచ్చింది. కోడలి చేతులు పట్టుకుని ఇటు తిప్పింది, అటు తిప్పింది. అప్పుడు పక్కనే తన చేతులు కనబడ్డాయి. అవీ అదే రంగు! ఆవిడా ఒకప్పుడు కోడలే కదర్రా. ఆవిడ అత్త కూడా చెట్టమ్మా అని పిలిచి చెక్కించే ఉంటుంది, చెక్కి చెక్కి, ఏ పక్కా మిగలక, ఆవిడ అలా మోడైపోయి ఉంటుంది. పాపం తన చేతులు తనే ఎప్పుడూ చూసుకోలేదు. చూసుకునేసరికి కళ్ళనీళ్ళు ఆగలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, రాజు ముందుకొచ్చి, మళ్ళీ అదే మాటంది.

"నా చిన్నకోడలు నీటికుక్కే మారాజా. అన్న పోలిక వెనక్కి తీసుకోను. ఇకమీదట ఎవరైనా సరే, నేనైనా సరే, నా పెద్దకోడల్ని చెక్కడానికొస్తే కరుస్తుంది!"

అని, తెడ్డు తెచ్చి గంగాలు చేతిలో పెట్టింది.

రాజు చెప్పులు రెండూ కాళ్ళకి తొడుక్కుని అటూ ఇటూ నడిచి చూసుకుంటున్నాడు. కుడిది కిర్రు. ఎడమది నానిపోయి బుస్సుబుస్సు. కిర్రు బుస్సు, కిర్రు బుస్సు. కానీ కుంటు పోయింది! ఆయనకి ఎంత హాయనిపించిందంటే, తీర్పు తిరగరాసేశాడు. చెట్టుంది కనక బొరియ ఉంది, బొరియ ఉంది కనక చెట్టుంది, ఇంక దేన్ని పెద్ద చెయ్యను, దేన్ని పొలిమేర దాటించనన్నాడు. ఆ రోజుతో పోటీలు మానేశాడు. ఆ రాత్రే ఆయనకి నిద్ర పట్టిందట. బళ్ళు కట్టి గుమ్మడికాయల్ని వెనక్కి పిలిపించారు. దేశమంతా ఒకటే దప్పళం వాసన!

పాయదిబ్బలో ఆ చెట్టుని మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు. గట్టు పొడుగునా అన్ని తుమ్మలున్నాయి కదా, ఒక్కోదాని దగ్గర కొంచెం కొంచెం, పడిన కొమ్మల దగ్గర కొంచెం, అలా తెచ్చుకున్నారు. నూకాలు కొడుకులిద్దరికీ తెడ్లు ఇచ్చింది, కాగు మీరూ తిప్పండర్రా అని. తిప్పుతూ వాళ్ళు పెట్టిన మొహాలు చూసి తీరాలి! నీటికుక్కలు మారాయా అంటే లేదు. వలలు చింపుతూనే ఉన్నాయి, వీళ్ళు తిట్టుకుంటూ కుట్టుకుంటూనే ఉన్నారు. కర్రలు మాత్రం ఎత్తలేదు. పోనుపోను ఆ పిల్లలకి పిల్లలు పుట్టి, పొద్దున్నే ఏటి నిండా ఈలలే.

గంగాలు నిద్ర సంగతో? నూకాలే ఆలోచించింది. పనికిరాని పాతవల తీసి, పచ్చకొమ్మకి ఉయ్యాలలా కట్టించింది. ఇదిగో ఊగే చోటు, ఇక్కడ పడుకోవే అంది. గంగాలు ఎక్కి కూర్చుంది. కూర్చుని, వెంటనే దిగిపోయింది. పరిగెత్తుకెళ్ళి అచ్చియ్యమ్మని రెక్క పట్టుకుని లాక్కొచ్చి అందులో పడుకోబెట్టి ఊపింది. ఇంట్లోంచి అత్త అలవాటుకొద్దీ అచ్చియ్యమ్మేదీ అని పిలిచింది. జవాబు లేదు. అచ్చియ్యమ్మేదీ? జవాబు లేదు. గంగాలు నోటిమీద వేలేసుకుని, ఉష్, నిద్రపోతోందత్తా అంది. అయితే పడుకోనీ, అని నూకాలు ఆ రోజు అన్నం తనే వార్చుకుంది.

విన్నారా? పొద్దున మీ అమ్మ, అన్నయ్య చూడు ఎంత కుదురుగా కూర్చున్నాడో, నువ్వూ ఉన్నావు అందని లల్లి మూతి ముడుచుకుంది. వీడేమో గొప్పగా చూశాడు. ఎందుకర్రా ఆ తూకాలు? కుదురుగా ఉన్నవాణ్ణి, ఏరా, నీకేమైనా కావాలా అని అడగాలి. వాడు అడగడు కదా. పరిగెత్తేదాన్ని పరిగెత్తనివ్వాలి. మీ అమ్మకి కూడా రేపు చెబుతాలే. ఏరా రాఘవా, నీకేమైనా కావాలా? ఏమిటీ, లల్లి పక్కన పడుకోవాలా? ఇందాకటిదాకా తంతోందన్నావు కదరా! సరే, జరగండి, ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకోండి.

కథ పడవెక్కి కంచికి పోయింది, మనం దుప్పట్లోకి పోదాం. కాళ్ళు, లల్లీ... పోనీలే, బయటే ఉండనీ.